మాన్యువల్ అట్ట మీద రెండో పేరు

ఒకప్పుడు లైబ్రేరియన్‌గా ఆవిడ ఉద్యోగమంటే పుస్తకాలిచ్చి పుచ్చుకోవడం. పాఠాలన్నీ ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, కావాలంటే మార్చుకునేలా నెట్‌లో పెట్టాలని యూనివర్సిటీ తీర్మానించిందో లేదో, ప్రొఫెసర్ల చుట్టూ కాళ్ళరిగేలా తిరగడమే ఆవిడ ఉద్యోగమైపోయింది. ఒకాయన "నా పాఠం ఎవడో దిద్దడమేంటమ్మా?" అంటాడు. ఇంకొకాయన ఎక్కడెక్కడి బొమ్మలో ఎత్తుకొచ్చి అతికించి "ఎవరు చూస్తారులెండి" అంటాడు. అందరూ చూడ్డానికే కదయ్యా పెట్టేది! చెప్పీ చెప్పీ ఆవిడ నోరు పడిపోతోంది.

ఎలాగైతేనేం, కెమిస్ట్రీ ప్రొఫెసర్ రాసిన ల్యాబ్ మాన్యువల్ నెట్‌కెక్కింది. నెల తిరక్కుండానే వేరే కాలేజీల నుంచి మూడు మెయిళ్ళొచ్చాయి. గ్లూకోజు ఉందో లేదో తేల్చే నాలుగో ప్రయోగంలో రావలసిన ఎర్రరంగు రావడం లేదట.

"వాళ్ళకి చేతకాదు. మన దగ్గర పద్దెనిమిదేళ్ళుగా వస్తోంది" అని ప్రొఫెసర్ కొట్టిపారేశాడు.

ఎలా వస్తోందో చూద్దామని ఆవిడ ల్యాబ్‌కి వెళ్ళింది. అక్కడి అసిస్టెంటుని పిల్లలంతా ల్యాబక్క అంటారు. ఆ ప్రయోగానికి కావలసిన రెండు సొల్యూషన్లూ ముందురోజే కలిపి ఉంచమని మాన్యువల్లో ఉంది. ల్యాబక్క మాత్రం అప్పటికప్పుడు కలిపి ఇస్తోంది.

"నిలవుంటే పనిచెయ్యదు మేడం. ఆ లైను కొట్టేసుకోండర్రా అని పిల్లలకి ఏటా చెప్తూనే ఉన్నా."

లైబ్రేరియన్ తిన్నగా ప్రొఫెసర్ గదికెళ్ళింది. తప్పు దిద్దాలి, అట్ట మీద ల్యాబక్క పేరు కూడా వెయ్యాలి అంది. ఆయన అంతెత్తున లేచాడు.

"టెస్ట్‌ట్యూబులు కడిగే మనిషి పేరు నా పేరు పక్కనా? ముందు తప్పని తేల్చండి, అప్పుడు చూద్దాం."

"సరే సార్. మీరు రాసినట్టే మీ చేత్తో చెయ్యండి. రంగొస్తే ఆ మూడు కాలేజీలకీ నేనే క్షమాపణ రాస్తా."

ఆయన సొల్యూషన్లు కలిపి, బీరువాలో పెట్టి తాళం వేసి మరీ వెళ్ళాడు. మర్నాడు పదింటికి అందులో గ్లూకోజు వేసి ట్యూబుని వేడినీళ్ళలో పెట్టాడు. ల్యాబక్క ఉండబట్టలేక నోరు తెరవబోతే లైబ్రేరియన్ ఉరిమి చూసింది. పది నిమిషాలైనా నీలం నీలంగానే ఉంది. ఆయన ట్యూబుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు, తుడిచి చూశాడు. ఇక లాభం లేదని ల్యాబక్క అప్పటికప్పుడు కలిపి ఇచ్చింది. ఐదు నిమిషాల్లో ఇటుకరంగు తిరిగింది.

"ఇన్నేళ్ళూ నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా!" అని విసుక్కున్నాడు.

"మొదటి ఏడాదే చెప్పాను సార్. ట్యూబులు కడిగావా అనడిగారు."

ఆయన లైబ్రేరియన్ దగ్గర మాన్యువల్ దిద్దుబాటు ఫారం తీసుకున్నాడు. రచయితల గడిలో తన పేరు రాసి, దాని కింద పెన్ను ఆనించి ఆగిపోయాడు. ల్యాబక్క వైపు తలెత్తి చూశాడు.

"ఇంతకీ నీ పేరేంటమ్మా?"

పద్దెనిమిదేళ్ళు! లైబ్రేరియన్‌కి నెత్తీ నోరూ బాదుకోవాలనిపించింది.