బొమ్మకారుకి కొత్త బేరింగు

మా ఆయన రాజేష్‌కి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది గానీ బుర్ర పడిపోలేదని ఊరందరితో వాదిస్తూనే ఉన్నాను. ఏదడిగినా తల ఊపుతారు. కానీ ఆయన అక్క సత్యవతమ్మ వదిన కనకాలపేట నుంచి వచ్చిన ప్రతిసారీ ఒకటే పాట.

"ఆడికేం తెలీట్లేదే దుర్గా. ఊరికినే ఊపుతున్నాడు."

ఈవిడ నోరు పడిపోను అనుకుని, వెంటనే నాలుక కరుచుకున్నాను. మా ఇంట్లో ఆ తిట్టు ఇక పనికిరాదు.

ఈసారి ఆవిడ ముందే తేల్చేయాలని నాకు పంతం వచ్చింది. ఆయన ప్రాణంగా చూసుకునే బొమ్మకారు తీశాను. బ్యాటరీది కాదు, ఇంధనం పోస్తే రయ్యిమని పరిగెత్తే రకం. యానాం ఉప్పుగాలికి ఇంజన్లో బేరింగు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇంజను నిమ్మకాయంత, దాని గొడవ గుమ్మడికాయంత. ఇదివరకు ఇలా అయితే ఆయన ఇంజన్ని నా దోసెల పెనం మీదే వేడిచేసేవారు. వేడికి ఇంజను బాడీ సాగి పాత బేరింగు ఊడివచ్చేది. ఫ్రీజర్‌లో రొయ్యల పక్కన చల్లబెట్టిన కొత్తది అందులోకి చక్కగా జారేది. పెనం పాడవుతోందని నేను సాధించేదాన్ని. ఇప్పుడు నేనే పొయ్యి వెలిగించాను.

"వేడి చాలాండీ?" అంటే తల ఊపారు. దింపి చెక్క మీద తట్టాను. పాతది ఊడిపడింది.

"చూసేరా వదినా, ఈయనకి అన్నీ తెలుసు" అన్నాను. నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

ఫ్రీజర్‌లోంచి కొత్తది తీసి ఆత్రంగా పెట్టేశాను. అది ఓ పక్కకి ఒరిగి ఇరుక్కుపోయింది.

"సరిగ్గానే ఉందాండీ? కొట్టమంటారా?"

ఆయన దాన్నే చూస్తూ తల ఊపారు. సుత్తితో కొట్టాను. ఇంజను బాడీ నిలువునా చిట్లింది.

కారు మీద చిన్న గీత పడితే అన్నం మానేసే మనిషి. ఇప్పుడు ప్రశాంతంగా చూస్తున్నారు.

"పగిలిపోయిందండీ. బాగుందా?"

తల ఊపారు.

ఇన్నాళ్లూ ఆకలా అంటే ఊపారని అన్నం పెట్టాను. నొప్పా అంటే ఊపారని మాత్ర వేశాను. ఇంకేమీ అడగకూడదని తెలుసు. అయినా నోరు ఆగలేదు. వదినను చూపించాను.

"ఈవిడేనా మీ భార్య?"

ఆయన చిన్నగా నవ్వి తల ఊపారు.

"ఇంక ఊరుకోవే దుర్గా, ఏం అడక్కు" అంటూ వదిన పైట నోట్లో కుక్కుకుంది.

నేనెవరినని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.