చెయ్యి కలపమన్న శనివారం

ప్రభువు భోజనానికి ముందు శనివారం అమెరికా వచ్చి స్వటారా లోయలో స్థిరపడ్డ జర్మను వాళ్ళంతా పాస్టరు గుంథర్ ఇంటికి రావాలి. ఆయన ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, మనసులో ఎవరి మీదైనా పగ ఉందా అని అడుగుతాడు. ఉందంటే అవతలి మనిషిని పిలిపిస్తాడు. ఇద్దరూ సంఘ పెద్దల ముందు చెయ్యి కలిపితేనే మర్నాడు చర్చిలో ప్రభువు రొట్టె.

అపొలోనియా ఈ శనివారం కోసమే కిందటి చలికాలంలో లోయకు కాపురం మార్చింది. పాస్టరు అడగ్గానే, ఎప్పటిలాగే ఏప్రాను అంచు నలుపుకుంటూ, "ఉంది. వెల్టిన్ రౌష్ మీద" అంది.

పాస్టరు పెద్దలకేసి చూశాడు. చర్చి కట్టిన స్థలం రౌష్ ఇచ్చిందే. ఎనభై దాటిన మనిషి, వేసవి నుంచీ ముద్ద దిగడం లేదు. రేపటి రొట్టే ఆయనకు ఆఖరిదని లోయంతా అనుకుంటోంది.

"ఆయన నీకేం చేశాడమ్మా? నువ్వొచ్చి ఏడాదైనా కాలేదు."

"పిలిపించండి. ఆయన్నే అడుగుదాం."

ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతి. తల్లి ఆమెనూ, తమ్ముడు డీబోల్ట్‌నూ తీసుకుని అప్పు మీద ఓడ ఎక్కింది. ఆ అప్పు అమెరికాలో ఒళ్ళు వంచి తీర్చాలి. సముద్రం సగం దాటకముందే పోయినవాళ్ళ అప్పు వాళ్ళతోనే పోతుంది. సగం దాటాక పోతే బతికున్న వాళ్ళ మీద పడుతుంది. ఇంగ్లండు తీరం కనుమరుగైన వారంలోపే తల్లి కన్నుమూసింది. కాని ఫిలడెల్ఫియా రేవులో కెప్టెను అడిగితే, సగం దాటాకే పోయిందని అదే ఓడలో వచ్చిన సొంత ఊరివాడు వెల్టిన్ ప్రమాణం చేశాడు. చిన్నపిల్ల మాట ఎవరూ వినలేదు. తల్లి అప్పు పిల్లలిద్దరికీ పంచారు. ఆమె అప్పు కట్టి, అన్నేళ్ళ చాకిరీకి ఒక తోళ్ళ వ్యాపారి ఆమెను కొనుక్కున్నాడు. డీబోల్ట్ ఏడవలేదు. "రేపొస్తావుగా అక్కా?" అని మాత్రం అడిగాడు. వస్తానంది. తమ్ముణ్ణి ఎవరో దక్షిణాన కరోలినాకు తీసుకుపోయారని తర్వాత వెల్టినే చెప్పాడు.

చాకిరీ గడువు తీరి విడుదలైనప్పటి నుంచీ ఆమె దక్షిణం నుంచి వచ్చిన ప్రతి బండినీ ఆపి అడిగింది. పెళ్ళయింది, భర్త పోయాడు, కూతుళ్ళు అత్తవారిళ్ళకు వెళ్ళారు. ఒక్కొక్కరిని సాగనంపినప్పుడల్లా ఆ రేవే గుర్తొచ్చేది. ఇన్నేళ్ళూ తప్పు దిక్కున వెతుకుతున్నానని మాత్రం తోచలేదు.

రెండేళ్ళ కిందట లాంకాస్టరు సంతలో ఒక తల్లి కొడుకును "డీబోల్ట్" అని కేకేసింది. ఈ దేశంలో ఆమెకు ఎక్కడా వినపడని పేరు. జర్మను వాళ్ళలో బిడ్డకు జ్ఞానస్నానంలో ఎత్తుకున్న వాళ్ళ పేరే పెడతారు. అందుకని వీణ్ణి ఎత్తుకున్నదెవరని అడిగింది. అప్పట్లో తాము స్వటారాలో ఉండేవాళ్ళమని, పక్క పొలంలో రౌష్ వాళ్ళ పాలేరు డీబోల్ట్ ఎత్తుకున్నాడని ఆ తల్లి చెప్పింది. నెమ్మదైన మనిషట, కొట్టంలో పడుకునేవాడట. పెళ్ళి ఊసెత్తితే యజమాని సాగనిచ్చేవాడు కాదట. చెట్టు కొడుతుంటే మీద పడి పోయాడట. "నా అనేవాళ్ళు లేరు పాపం. అక్క కూడా ఓడ దిగిన కొత్తలోనే పోయిందనేవాడు" అంది ఆ తల్లి.

అపొలోనియా ఆ పూట కొన్న ఉప్పు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

వెల్టిన్‌ను కోడలు సిబిల్లా పట్టుకుని లోపలికి తెచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు ముసలాయన.

"కెర్న్ వాళ్ళ పెద్దపిల్లని. అప్పట్లో నిన్ను బాబాయి అనేదాన్ని."

ఆయన దాచుకోలేదు. ప్రమాణం చేస్తే కెప్టెను తన అప్పులో కొంత కొట్టేసి, కుర్రాణ్ణి తనకే ఇస్తానన్నాడని చెప్పాడు. అప్పటికి తనకు కొడుకులు లేరని, వాణ్ణి పెంచుకున్నాననీ అన్నాడు.

"పెంచుకున్న కొడుకుని కొట్టంలో పడుకోబెట్టావా?"

"మాతోనే తినేవాడు పిన్నీ" అంది సిబిల్లా.

"ఏ బల్ల దగ్గర?"

సిబిల్లా వంగి మావ కాళ్ళు పొయ్యికి దగ్గరగా జరిపింది.

"నేను చచ్చిపోయానని వాడికెందుకు చెప్పావు?"

"చెప్పకపోతే పారిపోయేవాడు" అన్నాడు వెల్టిన్. "నిన్ను వెతుక్కుంటూ."

పాస్టరు కల్పించుకున్నాడు. వెల్టిన్ తప్పు ఒప్పుకున్నాడు కనుక క్షమించాలనీ, ఇప్పుడు చెయ్యి ఇవ్వకపోతే రొట్టె లేనిది నీకేననీ ఆమెకు నచ్చజెప్పబోయాడు. తిన్నది తిరిగివ్వకుండా అడిగే క్షమాపణ ఏ బైబిల్లో ఉందో చూపించమంది ఆమె. ఏం కావాలో చెప్పమన్నాడు పాస్టరు.

పొలం గట్టున పూడ్చిన తమ్ముణ్ణి చర్చి ఆవరణలోకి, వాకిలి పక్కకే తేవాలంది. రాయి నిలబెట్టాలంది. రాయి మీద చెక్కాల్సిన మాటలు ఆమెకు నోటికే వచ్చు: "డీబోల్ట్ కెర్న్. అక్క బతికే ఉంది. వెల్టిన్ రౌష్ అబద్ధపు ప్రమాణం చేసి ఇతణ్ణి చచ్చేదాకా పాలేరుగా ఉంచుకున్నాడు."

"మా పిల్లలు ప్రతి ఆదివారం ఆ వాకిట్లోంచే నడవాలి పిన్నీ" అంది సిబిల్లా.

"అందుకే."

రొట్టె లేకుండా చావడమంటే ముసలాయనకు ఎంత భయమో గదిలో అందరికీ తెలుసు. చివరికి, చెక్కించండి అన్నాడు. రాయికి ఎలాగూ వసంతం దాకా పడుతుంది కనుక, ఆ మాటలు రేపు పాస్టరు ముందుగా చదివి వినిపించేట్టూ, రాయి పూచీ పెద్దలు తీసుకునేట్టూ ఒప్పందమైంది. అప్పుడు అపొలోనియా చెయ్యి చాచింది. ఆయన చెయ్యి ఎండిన మొక్కజొన్న పొత్తిలా ఉంది. పట్టుకుని, వదిలేసింది.

ఆదివారం పాస్టరు చదివాడు. మగవాళ్ళంతా రౌష్ వాళ్ళ బెంచీ వైపు తిరిగారు. వెల్టిన్‌ను కొడుకు ఎత్తుకుని రొట్టె ఉన్న బల్ల దాకా తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళ వంతు వచ్చింది. అపొలోనియా లేవలేదు. చెయ్యి ఇచ్చింది గాని, లోపల చూసుకుంటే పగ ఇసుమంతైనా తరగలేదు. ఆ పగతో రొట్టె తింటే అదీ ఒక అబద్ధపు ప్రమాణమే అనిపించింది.

తిరిగొస్తూ సిబిల్లా ఆమె దగ్గర ఆగింది. "ఇంకేం కావాలి పిన్నీ నీకు?"

"మీ మావ వసంతం దాకా బతకాలి."

ఆ చలికాలమంతా ఆమె వెల్టిన్ ఆయుష్షు కోసం ప్రార్థన చేసింది. మంచు బాగా పడిన రోజుల్లో కంగారుపడి, రౌష్ ఇంటి పొగగొట్టం చూడటానికి గుట్ట ఎక్కేది. గంజి దిగుతోందా అని దారిన పోయేవాళ్ళను అడిగేది.

బతికాడు. డీబోల్ట్‌ను చర్చి వాకిలి పక్కకు తెచ్చి రాయి నిలబెట్టిన రోజు కొడుకు ఆయన్ను బండిలో తెచ్చాడు. అపొలోనియా అప్పటికే అక్కడుంది. చూపు ఆనడం లేదు, అక్షరాలు కనపడవు అన్నాడు వెల్టిన్. ఫర్వాలేదంది ఆమె. బండి అంచు పట్టుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి, మొదటి మాట నుంచి చివరిదాకా చదివింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆమె మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.