కుస్తీకి నేను చెప్పిన తెలుగు

నాకు ఇంగ్లీషు రాదు. ఈ ముక్క ముందే ఒప్పుకుంటే కొంచెమైనా పరువు దక్కుతుందని చెప్తున్నాను. తొంభై తొమ్మిదిలో మందమర్రిలోని మా క్వార్టర్ల లైను మొత్తానికి అమెరికా కుస్తీని తెలుగులో చెప్పింది మాత్రం నేనే. పదో తరగతి దాకా వెళ్లి తప్పింది నేనొక్కణ్ణే మరి.

రంగుల టీవీ మా ఇంట్లోనే ఉండేది. ఆదివారం మధ్యాహ్నం పదిమంది బొగ్గుబాయి కార్మికులు చాప మీద కూలబడేవారు. అది అంతకుముందు చూసిన కుస్తీ కాదు. బూతులు, వేళ్లు చూపించడాలు, బీరు సీసాలు, అరకొర బట్టల ఆడవాళ్లు. నా భార్య సారక్క తలుపు ధడాలున వేసి పక్కింటికి పోయేది.

అందులో ఒక మొరటువాడు ఏకంగా కంపెనీ యజమానినే కొట్టేవాడు. కొట్టే ముందు మైకు పట్టుకుని ఏదో అరిచేవాడు. "అంతయ్యా, ఏమంటుండు?" అని అందరూ నావైపు తిరిగేవారు. నేను గొంతు సవరించుకుని, "నా చెమట తాగి నా మీదనే అరుస్తవా దొరా, అంటుండు" అనేవాణ్ణి. ఇల్లంతా ఈలలు.

బుచ్చిరాములు ఒక్కడే ఈల వేసేవాడు కాదు. మా ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఆ మాటను తనలో తాను ఒకసారి మెల్లగా అనుకునేవాడు.

ఆ ఎండాకాలం అతని కూతురికి జ్వరం ముదిరింది. సెలవడిగితే ఒక ఆఫీసరు కాగితం చింపేసి, అతని తల్లిని కలిపి తిట్టాడు. బుచ్చిరాములు "నా చెమట తాగి నా మీదనే అరుస్తవా దొరా" అని చెంప పగలగొట్టాడు. అక్షరం పొల్లుపోలేదు. ఎంక్వైరీ పెట్టారు. పిలిస్తే నేనూ వెళ్లి రెండు ముక్కలు చెప్పి వచ్చాను. అతని ఉద్యోగం పోయింది. సంసారంతో ఆసిఫాబాద్ వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. సారక్క పోయి రెండేళ్లయింది. ఇంట్లో మనిషి గొంతు వినబడాలని ఫోనులో పాత కుస్తీలు పెట్టుకుంటున్నాను. ఇప్పుడు వాటి కింద తెలుగు అక్షరాలు కూడా వస్తున్నాయి. మొన్న ఆ మొరటువాడు మళ్లీ కనిపించాడు. మైకు పట్టుకుని వాడు అరిచిందల్లా, తన బొమ్మ వేసిన బనియన్లు కొనమని. పగలబడి నవ్వి, సారక్కకు చెబుదామని మంచం వైపు తిరిగాను. మంచం ఖాళీగా ఉంది. నవ్వు ఆగిపోయింది. నేను కల్పించిన మాటకు ఒక మనిషి బతుకు ఆగమైందన్న సంగతి అప్పుడు తలకెక్కింది. వెళ్లి చెప్పేయాలి, తిట్టించుకోవాలి అనుకున్నాను.

ఆసిఫాబాద్ బస్టాండు పక్కన బుచ్చిరాములు పంక్చర్ల దుకాణం నడుపుతున్నాడు. చూడగానే గుర్తుపట్టి చాయ్ తెప్పించాడు. నేను తాగకుండానే మొదలుపెట్టాను.

"అన్నా, గా మాట టీవీల వాడు అనలే. నేనే కల్పించిన. నాకు ఇంగ్లీషే రాదు."

అతను ట్యూబును నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"నీకు రాదని ఎవలికి తెల్వదు, అంతయ్యా? వాడు నోరు మూసినంక గూడ నువ్వు చెప్పుకుంటనే ఉంటివి."

"మరి తెల్సి గూడ..."

"గది నీ మాటనే అనుకున్న. నీ కడుపులకెళ్లే వచ్చిందనుకున్న. నా ఎన్క నువ్వున్నవని ధైర్యం చేసిన."

ఎంక్వైరీలో నన్ను అడిగింది ఒక్కటే. ముందుగా ఆఫీసరే అతని తల్లిని తిట్టాడా? తిట్టినప్పుడు నేను బుచ్చిరాములు పక్కనే నిలబడి ఉన్నాను. అయినా ఏమీ వినలేదని చెప్పాను. ఇన్నేళ్లూ ఆ అబద్ధాన్ని వదిలేసి ఇప్పుడు బనియన్ల సంగతి మోసుకుంటూ ఇంత దూరం వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ మాట అతను ఎత్తలేదు. నేను చల్లారిన చాయ్ తీసుకుని తాగాను.

"ఇంకా చూస్తన్నవా కుస్తీ?" అన్నాడు.

"చూస్తన్న."

"ఇప్పుడు తెలుగుల ఎవలికి చెప్తున్నవు?"

"ఎవలు లేరన్నా."

అతను తల ఊపి, ట్యూబు తుడిచి టైరులోకి నొక్కడం మొదలుపెట్టాడు. నాలుగింటికి మందమర్రి బస్సు ఉందని చెప్పాడు. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.