బంగారయ్య పడవ మీద సున్నపు గీత

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా మేనత్త రాజ్యం గారు. ఆ రోజు పడవలో కూర్చున్న సూర్యావతి ఆవిడ కన్నతల్లి. కాబట్టి రేవులో ఇప్పుడు చెప్పుకుంటున్నది కాదు, ఇదే నిజం.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన అయిదారేళ్ళకి, రాజోలు దగ్గర వైనతేయ పాయ మీద బంగారయ్య పడవ తిరిగేది. తెల్లారగానే అడుగున చేరిన నీళ్ళు తోడేవాడు, కొబ్బరిపీచుతో చెక్కలు తోమేవాడు, పక్కచెక్క మీద సున్నంతో గీత దిద్దేవాడు. ఆ గీత మునిగితే పడవ కదపడు. ఆ పడవకి ఒంటి బరువుతో పని లేదు, మనసులో ఉన్న బరువే చూసేది. పెళ్ళివారు పాతికమంది ఎక్కినా బెత్తెడు పైకి తేలేది. దావా పడి కచేరీకి వెళ్ళేవాడు ఒక్కడు ఎక్కితే నాలుగు వేళ్ళు దిగేది.

"దావాలున్నోళ్ళు మధ్యలో కూర్చోండి బాబూ" అనేవాడు బంగారయ్య. వాళ్ళు నోరెత్తకుండా మధ్యకి జరిగేవారు.

ఇవతలి ఒడ్డున ఉండే అచ్చాయమ్మకి ఎడమ రొమ్ములో రాచపుండు లేచింది. కొత్త ఆవకాయ నాటికి ఉండదని ఊళ్ళో అనేసుకున్నారు. అవతలి ఒడ్డు వైద్యుడు మాత్రం, "కరిగిస్తానని చెప్పనమ్మా. వారం వారం వచ్చి కట్టు మార్పించుకో, నొప్పిని లొంగదీస్తాను. ఉన్నన్నాళ్ళు మనిషిలా ఉంటావు" అన్నాడు.

మొదటి లక్ష్మివారం ఆవిడ కాలు పెట్టగానే పడవ గీతకి రెండు వేళ్ళ దూరం దాకా దిగింది. "పాపం జబ్బుమనిషి, బరువు తగ్గిద్దాం" అని నలుగురు ఒడ్డుకి దిగిపోయేరు. పడవ ఇంకాస్త దిగింది. పై వారం మరో పదిమంది దిగేరు. మూడో వారం పడవంతా ఆవిడకే వదిలేసి, ఒడ్డున నిలబడి దణ్ణాలు పెట్టేరు. గీత మునిగి, నీళ్ళు లోపలికి వచ్చేయి. ఆ ఒడ్డున చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మనుషులు దిగేకొద్దీ పడవ ఎందుకు దిగుతోందో ఒక్కడికీ తట్టలేదు.

"అమ్మగారండీ, ఇంక రావొద్దండి. మునిగిపోతామండి" అన్నాడు బంగారయ్య.

"ఆయ్" అంది అచ్చాయమ్మ. ఇంటికెళ్ళి మొగుడితో, "ఇంక నేను వెళ్ళనండి. నా మంచం వసారాలో వేయించెయ్యండి" అంది.

ఆ మాట గోడ అవతల తోడికోడలు సూర్యావతి చెవిన పడింది. ఇద్దరికీ ఏడేళ్ళుగా మాటల్లేవు. సూర్యావతి వండిన ఒక బారసాల భోజనాల్లో, నలభై విస్తళ్ళ ముందు, "అక్కా, పనసపొట్టు కూరలో ఆవ చేదెక్కింది" అంది అచ్చాయమ్మ. అలాంటి మాట ఎవరు మరిచిపోతారు?

పై లక్ష్మివారం మంచు విడవకముందే సూర్యావతి వచ్చింది. అచ్చాయమ్మని మంచం మీంచి లేపి, తల దువ్వి, కుచ్చెళ్ళు సర్ది, మణికట్టు పట్టుకుని రేవుకి నడిపించింది.

బంగారయ్య పడవ తోసే గెడ అడ్డం పెట్టేడు. "ఇద్దరాండీ? ఒక్కరికే మునిగిందండి!"

"తప్పుకో నాయనా. ఏడేళ్ళ కోపం మోస్తున్నాను. నేనెక్కితే అడుక్కే పోతుంది. పోనీ."

ఇద్దరూ ఒకే అడ్డచెక్క మీద కూర్చున్నారు. నీళ్ళు సరిగ్గా గీత దగ్గర ఆగేయి. ఆ పొద్దున ఏటికీ మంచుకీ రంగులో తేడా లేదు. కొబ్బరిచెట్లు నీళ్ళలో తలకిందులుగా నడుస్తున్నాయి.

"ఆవ చేదెక్కిందన్నావు" అంది సూర్యావతి.

"ఎక్కింది."

"ఎక్కలేదు."

"ఎక్కిందక్కా." పైట సర్దుకుని, అచ్చాయమ్మ చిన్నగా అంది, "అక్కా, నాకు భయంగా ఉంది."

"ఉండదూ మరి! నాకూ ఉంది. సగం ఇలా తే" అని సూర్యావతి చెయ్యి చాపింది.

గీత బయటపడింది. పడవ బెత్తెడు లేచింది, మూరెడు లేచింది. ఒక కొంగ పడవ కిందనుంచి దూరి అవతలికి ఎగిరిపోయింది.

"కాస్త కిందికి దిగండమ్మా, నా గెడ నేలకి అందటం లేదు" అన్నాడు బంగారయ్య. ముగ్గురూ నవ్వేరు.

ఆనాటినుంచి రేవులో జబ్బుమనిషి కనిపిస్తే ఎవరూ దిగలేదు. జరిగి చోటిచ్చి, పక్కన కూర్చునేవారు. అచ్చాయమ్మ ఒక్క లక్ష్మివారం కూడా తప్పలేదు. పుండు పోలేదు. కొన్నాళ్ళు కొరికేది, కొన్నాళ్ళు నిద్రపోయేది. ఆవిడ పదకొండు కొత్త ఆవకాయలు తిన్నది. పన్నెండోది సూర్యావతి కలుపుతుంటే పక్కన కూర్చుని ఉప్పు చూసి, "సరిపోయిందక్కా" అంది. ఆ మధ్యాహ్నం నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు ఆ రేవులో బంగారయ్య మనవలు రాయి వేయించేరు. 'అచ్చాయమ్మను బతికించిన బంగారయ్య పడవ' అని చెక్కించేరు. కూడబలుక్కుని చదివేటంత నాకూ వచ్చు. నాలుగుసార్లు చదివేను. సూర్యావతి పేరు లేదు. రావొద్దన్నవాడి పేరు మాత్రం ఉంది.

ఉలి పట్టేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఆ రాతి మీద ఆవిడ పేరు చెక్కండి. కింద చోటుంది, జానపెట్టి చూసేను. ఆవ సంగతి మాత్రం చెక్కక్కర్లేదు. అది చేదెక్కలేదు.