మామగారి పేరులో రాయి

"లైబ్రరీ ముంగిట గట్టివి పగిలాయంట కదా మామయ్యా?" అంది జూరా, మామగారి గిన్నెలో టీ పోస్తూ.

భర్త ఉలార్ పకపకా నవ్వాడు. "గట్టివంటే ఏవే? పెరుగుండలా?"

పద్నాలుగేళ్ళుగా ఇదే వేళాకోళం. మామగారి పేరు తాష్తాన్. తాష్ అంటే రాయి. కిర్గిజ్ కోడలు మామగారి పేరెత్తకూడదు, ఆ పేరులో దూరిన మాట కూడా ఎత్తకూడదు. ఏ పువ్వు పేరో అయితే ఎలాగో నెట్టుకొచ్చేది. ఈ ఇల్లు బతికేదే రాళ్ళ మీద! తోక్మోక్ ఊళ్ళో బాటలకి పరిచే సిమెంటు రాళ్ళు పోసి అమ్ముతారు. కాపురానికొచ్చిన కొత్తలో కంకర అయిపోయిందని "చిన్న గట్టివి రెండు బస్తాలు పట్రండి" అని ఆమె ఫోనులో చెబితే, ఉలార్ బజారు నుంచి రెండు బస్తాలు, రాళ్ళంత గట్టి ఎండు పెరుగుండలు మోసుకొచ్చాడు. చలికాలమంతా ఇంటిల్లిపాదీ వాటిని నములుతూ ఆమెనే ఆడిపోసుకున్నారు. ఆఖరికి తన ఇంటిపేరు కూడా ఆమె నోటికి రాకూడనిదే. పెళ్ళయ్యాక అందులోనూ మామగారి పేరే వచ్చి కూర్చుంది మరి. ఆస్పత్రిలో పేరడిగితే మాట్లాడకుండా గుర్తింపు కార్డు చేతికిచ్చేది.

లైబ్రరీ ముంగిట పైపు కోసం తవ్వితే నలభై రాళ్ళు ముక్కలయ్యాయి. ఆ అచ్చు పోసిన కార్ఖానా మూతపడి ఇరవయ్యేళ్ళు. సరిజోడు దొరక్కపోతే ముంగిలంతా పెళ్ళగించాల్సిందే. పురపాలక ఇంజనీరు రాఖత్ ఊరంతా కబురు పెట్టింది, జోడు కనిపెట్టిన మనిషికి తన దగ్గర ఉద్యోగం ఉందని. ఊళ్ళో పాత బాటలన్నిటికీ అతుకులు వెయ్యాలట, ఏ రాయి ఎక్కడుందో తెలిసినవాళ్ళు కావాలట.

ఉద్యోగం! ఆ మాట విన్నప్పట్నుంచీ జూరాకి కుదురు లేదు. ఎందుకుంటుంది? రాళ్ళ సంగతి ఆ ఇంట్లో ఆమెకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? "కోడలన్నాక నేల చూపులుండాలి" అని అత్తగారు బురుల్ మొదటి రోజే చెప్పింది. సరే, నేలే చూసింది. బంధువుల ఇళ్ళలో విందంటే గిన్నెలు తోమడానికి వెళ్తూ చూసింది, చేతులు ఒరిసిపోయి తిరిగొస్తూ చూసింది. ఏ వీధిలో అలల అంచు రాయి, ఏ గుమ్మం ముందు ఎముక ఆకారపు రాయి, అన్నీ కంఠస్థం. ఎవరైనా పగిలిన ముక్క తెస్తే ఉలార్ దాన్ని వంటింట్లోకి పట్టుకొచ్చి "ఇదేంటో చూడు" అనేవాడు. గరిటె పక్కన పెట్టి, చూసి చెప్పేది. అతను వసారాలోకి వెళ్ళి "నేను చూడగానే పట్టేశా" అనేవాడు. ఓసారి కొనేవాళ్ళు ఆమె గురించి అడిగితే, "మా ఆవిడా? దానికి ఉల్లిపాయలు తప్ప ఏం తెలుసు!" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది.

ఈసారీ జోడు ఆమే కనిపెట్టింది. ఊరి స్నానశాల వెనక, బొగ్గు కొట్టం పక్కన. ఒక రాయి ఊడదీసి తెచ్చింది. ఉలార్ దాన్ని తుడిచి బల్ల మీద పెట్టి రాఖత్‌ని పిలిచాడు.

రాఖత్ వచ్చింది, సంచిలోంచి ఇంకో రెండు ముక్కలు తీసి దాని పక్కన పెట్టింది. "ఉద్యోగమిచ్చే ముందు చిన్న పరీక్ష. ఉలార్, ఈ రెండింట్లో ఒకటే లైబ్రరీది. ఏదో చెప్పు."

ఉలార్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇదీ! రంగు అచ్చంగా కలిసింది."

"అది బస్టాండుది."

టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ జూరా ఒకడుగు లోపలికి వేసింది. ఇప్పుడు ఊరుకుంటే ఇంకెప్పటికీ ఊరుకోవడమే. నోరు తెరిచింది. "ఆ గట్టిది..."

"ఏది?" అంది రాఖత్, అర్థంకాక.

అత్తగారు గుడ్లురిమింది. ఉలార్ పెదాల మీద పెరుగుండల నవ్వు మొదలైంది. దాన్ని చూసి జూరాకి ఒళ్ళు మండింది.

"తాష్," అంది. "ఆ తాష్ కాదక్కా, రెండోది. పై రంగు చూడకూడదు, ఎండకి మారుతుంది. విరిగిన చోట తడిపి చూడండి. లోపల ఏటి గులకలు, నల్లవి. ఆ కార్ఖానా వాళ్ళొక్కరే వేసేవాళ్ళు. మందం ఎనిమిది సెంటీమీటర్లు కాదు, ఏడు. పక్కదానికి ఎడం ఉండేలా అంచున రెండు చిన్న బుడిపెలు. స్నానశాల వెనక కొట్టం పక్కవి తీసి లైబ్రరీ ముందు పరిచి, వాటి చోట మావి కొత్తవి వేస్తే సరి. అక్కడ చూసేదెవరు?"

"అయ్యయ్యో! మామగారి పేరు! పట్టపగలు!" బురుల్ బుగ్గలు నొక్కుకుంది.

తాష్తాన్ గిన్నె కింద పెట్టాడు. ముసలాయన ఆ రెండో ముక్కని టీలో ముంచి, వెలుగుకెత్తి చూశాడు. "గులకలు నల్లవే," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "అరవకే. ఒకసారి పలికితే నేనేం అరిగిపోలేదు."

ఉలార్ తల దించుకున్నాడు. నేల చూపులు ఎలా ఉంటాయో అతనికి ఆరోజే తెలిసింది.

రాఖత్ పుస్తకం తీసింది. "సోమవారం నుంచి రాగలవా? పూర్తి పేరు చెప్పు, రాసుకుంటాను."

జూరా చెయ్యి అలవాటుగా కార్డు కోసం జేబులోకి వెళ్ళింది. ఖాళీగానే బయటికొచ్చింది.

"జూరా తాష్తానోవా," అంది, వీధి వాకిట్లోకి వినబడేలా.