మూత తీస్తే అంతా బాగానే ఉంటుంది

మా వదిన మార్లిస్ షాపు తలుపు తోసుకుని వచ్చి, చేతిలోని కేకు పళ్ళేన్ని నా బల్లమీద పడేసింది. విప్పి పెట్టిన ప్రింటర్ ముక్కలు గలగలమన్నాయి.

"చూడు ఆర్లెన్, ఒక్క ముక్కైనా తగ్గిందేమో చూడు!"

తగ్గలేదు. ఆదివారం చర్చి కింది గదిలో కాఫీకి ఆవిడ చేసి తీసుకెళ్ళిన నిమ్మకాయ కేకు బిళ్ళలు, కోసినవి కోసినట్టే ఉన్నాయి. మా హెల్మర్ ఊళ్ళో ఎవరినీ ఎవరూ మొహం మీద తిట్టరు. పళ్ళెం ముట్టుకోరు, అంతే. అంతకు మించిన తీర్పు ఇక్కడి కోర్టులో కూడా దొరకదు.

"ఇరవై ఏళ్ళుగా వాళ్ళ గుండెపోట్లకీ, వాళ్ళ పిల్లల కాన్పులకీ ఫోన్ ఎత్తింది నేను," అంది. "ఇప్పుడు నిద్రపోయానట. పేపరువాడు వేశాడు కదా, చివర ఒక ప్రశ్నార్థకం తగిలించి. ఆ ప్రశ్నార్థకం చూసి నేను సంతోషించాలేమో!"

క్రితం వారం మధ్యాహ్నం ఎల్మర్ ఓస్బీ ఆవుల కొట్టం అంటుకుంది. అతని భార్య కౌంటీ అత్యవసర నంబరుకి ఫోన్ చేసింది. అవతల మోగుతున్నట్టే వినిపించింది గానీ ఎవరూ ఎత్తలేదు. ఫైరింజన్ వెళ్ళేసరికి సగం మంద పోయింది, ఆవుల్ని విప్పబోయిన ఎల్మర్ చేతులు రెండూ కాలాయి. ఆ మధ్యాహ్నం ఫోన్ల గదిలో డ్యూటీలో ఉన్నది మా వదిన ఒక్కతే. ఆవిడ ముందు ఫోన్ మోగలేదు, తెర మీద లైటు వెలగలేదు. ఆ మాట నమ్మినవాడు లేడు.

ఫోన్లన్నీ కంప్యూటర్‌లోని ఒక కార్డు ద్వారా వచ్చేలా సెప్టెంబరులో పట్నం కంపెనీ ఒకటి కొత్త ఏర్పాటు చేసి వెళ్ళింది. నిప్పు అంటుకున్న మర్నాడే, దాన్ని బిగించిన కంపెనీ మనిషి బోలండ్ వచ్చి, చూసి, మిషన్‌లో ఏ లోపమూ లేదనీ, తప్పు కుర్చీలోని మనిషిదనీ తేల్చేశాడు. వదినని ఇంటికి పంపేసి, కాల్స్ పక్క కౌంటీకి మళ్ళించారు. వదిన నా షాపుకొచ్చిన ఆ రోజు సాయంత్రమే విచారణ. తప్పు ఆవిడదని తేలితే ఉద్యోగంతో పాటు పేరు కూడా పోతుంది. మా అన్నయ్య లారీ తోలుకుంటూ ఎక్కడో డకోటాలో ఉన్నాడు.

"నీకు కంప్యూటర్లు బాగుచేయడం వచ్చా, రాదా?"

"వచ్చు వదినా."

"అయితే లే!"

షెరీఫ్ డ్వైట్ హాగన్, వదిన ఒకే తరగతిలో చదువుకున్నారు. ఆయన ఫోన్ల గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మార్లిస్, నువ్విక్కడికి రాకూడదు."

"అయితే అరెస్టు చెయ్. పదో తరగతిలో నా లెక్కలు చూసి రాసినప్పుడు రాని సంకోచం ఇప్పుడెందుకు?"

ఆయన పక్కకి తప్పుకున్నాడు. "బోలండ్ ఊళ్ళోనే ఉన్నాడు, విచారణకి వచ్చాడు. కబురు పెడతాను. ఆర్లెన్, ఏదీ చెడగొట్టకు."

అప్పటి కంప్యూటర్ పెట్టె బల్లమీద అడ్డంగా పడుకునేది, దాని నెత్తిన బండరాయంత మానిటర్. మానిటర్ దింపి, మూత తీశాను. పొడుగాటి ఫోన్ కార్డు, దాని మీదుగా మడతపడి పోయే వెడల్పాటి కేబుల్. నా బొటనవేలు దానంతటదే వెళ్ళి కార్డుని కిందికి నొక్కింది. మా పనివాళ్ళందరిదీ ఇదే అలవాటు. పెట్టె తెరవగానే ప్రతి కార్డునీ ఓసారి నొక్కుతాం, వైద్యుడు నాడి పట్టుకున్నట్టు. కార్డు అంచున ఉండే బంగారు పూత పళ్ళు స్లాట్‌లో పూర్తిగా దిగకపోతే కార్డు ఉండీ లేనట్టే.

మిషన్ ఆన్ చేసి, ఈ కార్డుకే వచ్చే ఆఫీసు నంబరుకి పక్క గదిలోంచి ఫోన్ చేయించాను. ఠంచనుగా మోగింది. మళ్ళీ చేయించాను. మోగింది.

"బాగానే ఉంది వదినా," అన్నాను మెల్లిగా.

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఇందాక ఏంటది, వేలితో నొక్కావు?"

"అలవాటు."

"ఆ బోలండ్ కూడా అదే పని చేశాడు! వచ్చాడు, మూత తీశాడు, ఇలాగే నొక్కాడు, 'అంతా బాగుంది' అన్నాడు. నొక్కేశాక బాగుందని చెప్పడానికి నువ్వెందుకు, వాడెందుకు? నేను పనిచేసేది మూత వేసిన మిషన్ దగ్గర. మీరంతా మూత తీసిన మిషన్ చూసి నా మీద తీర్పు చెప్తారు!"

 మళ్ళీ వంగి చూశాను, ఈసారి చేతులు వెనక్కి పెట్టుకుని. కార్డు వెనక రేకు పట్టీని పెట్టెకి బిగించే స్క్రూ ఉండాల్సిన చోట ఖాళీ కన్నం ఉంది.

అది కూడా మా వాళ్ళ అలవాటే. కార్డు పనిచేస్తుందో లేదో తేలాకే స్క్రూ బిగిస్తాం, ముందే బిగిస్తే మళ్ళీ విప్పాల్సి వస్తుందని. పనిచేసిందన్న సంబరంలో బోలండ్ స్క్రూ మరిచి మూత వేసేశాడు.

"దొరికాడు కదా!" అంది వదిన.

"లేదు వదినా. స్క్రూ తీసింది నేనేనని నా మీదే తోస్తాడు. పైగా ఇప్పుడు పనిచేస్తోంది. మనం చూపించాల్సింది పనిచేయకపోవడం."

మూత వేశాను. మానిటర్ ఎక్కించాను. మళ్ళీ ఫోన్ చేయించాను.

మోగింది.

అప్పుడే బోలండ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో కంపెనీ పేరున్న స్క్రూడ్రైవర్. వెనకాలే షెరీఫ్. మోగుతున్న ఫోన్ విని బోలండ్ నవ్వాడు.

"చక్కగా వినిపిస్తోందే. మేడమ్, మెలకువగా ఉంటే ఎవరికైనా వినిపిస్తుంది."

"నా మెలకువ సంగతి నీకెందుకు? నీ స్క్రూ ఏది?" అంది వదిన.

"ఏ స్క్రూ? ఉండండి, తీసి చూపిస్తా." స్క్రూడ్రైవర్ బయటికి తీశాడు.

వదిన రెండు చేతులూ మానిటర్ మీద వేసి అడ్డం నిలబడింది. "మూత ముట్టుకున్నావంటే ఊరుకోను. డ్వైట్, వీడు ఈసారి మూత తీయకుండా చూడాలి."

"మూత తీయకుండా ఎలా చూస్తారమ్మా, నాకేమైనా ఎక్స్‌రే కళ్ళున్నాయా?"

షెరీఫ్ గడియారం చూసుకున్నాడు. "మార్లిస్, మోగుతోంది కదా. నన్నేం చేయమంటావు?"

 ఎండ కిటికీలోంచి ఏటవాలుగా దిగి తెరమీద పడుతోంది, అక్షరాలు కనబడటం లేదు. వదిన కూడా అటే చూస్తోంది. ఉన్నట్టుండి కుర్చీ లాక్కుని తన చోట్లో కూర్చుంది.

"ఆ రోజూ ఇదే వేళ," అంది. "అక్టోబరులో ఎండ కిందికి దిగాక తెర కనబడి చావదు. అందుకని ఏం చేస్తానంటే..."

మానిటర్‌ని రెండు చేతులా పట్టుకుని తన వైపు లాక్కుని, కొంచెం పక్కకి తిప్పింది. దాని బరువంతా పెట్టె ముందు అంచు మీదికి వచ్చింది. మూత రేకు చిన్నగా కిర్రుమంది.

"ఇప్పుడు చెయ్ డ్వైట్. నువ్వే చెయ్."

షెరీఫ్ గుమ్మంలో ఉన్న గోడ ఫోన్ అందుకుని నంబరు తిప్పాడు. గదిలో చప్పుడు లేదు. తెరమీద లైటు లేదు. లైను ఖాళీ అని పచ్చగా చూపిస్తోంది.

"తప్పు నంబరు తిప్పారేమో," అన్నాడు బోలండ్.

షెరీఫ్ రిసీవర్ మా వైపు చాపాడు. అందులో అవతల మోగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. మోగుతూనే ఉంది. ఓస్బీ భార్య విన్నది ఆ మోతే. వదిన కుర్చీని షెరీఫ్ వైపు తిప్పింది.

"నేను నిద్రపోతున్నానా డ్వైట్? చూడు, చెప్పు. నిద్రపోతున్నానా?"

"లేదు," అన్నాడాయన.

"ఇప్పుడు మూత తీయొచ్చు షెరీఫ్ గారూ," అన్నాను. "కానీ లోపల ఎవరూ వేలు పెట్టకూడదు."

ఆయన మానిటర్‌ని నిటారుగా పైకెత్తి పట్టుకున్నాడు, నేను మూతని అంగుళం అంగుళం వెనక్కి జరిపాను. టార్చి వేశాను. వంగిన మూత కేబుల్ మడతని నొక్కింది, కేబుల్ కార్డు ముందు కొసని నొక్కింది. పట్టుకునే స్క్రూ లేక వెనక కొస తూగుడు బల్లలా పైకి లేచింది. స్లాట్‌లో ఉండాల్సిన బంగారు పళ్ళు బయటికి మెరుస్తున్నాయి.

"అబ్బే, ఇది కొంచెం..." అంటూ బోలండ్ చెయ్యి చాపాడు. బొటనవేలు కార్డుకి వెంట్రుకవాసి దూరంలో ఉండగా షెరీఫ్ మానిటర్‌ని కుర్చీలో పడేసి వాడి మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు.

"ఆ వేలు ఇంకో అంగుళం కదిలిందా, సాక్ష్యం చెరిపినందుకు లోపలేస్తా."

"అలవాటు సార్! నిజంగా అలవాటే!"

"తెలుసు," అంది వదిన. "మీ అలవాటుకి ఎల్మర్ చేతులు కాలాయి."

ఫోటోలు తీశాక షెరీఫ్ స్క్రూ బిగించమన్నాడు. బోలండ్ జేబులు తడుముకున్నాడు. స్క్రూ లేదు. నా వైపు చూశాడు. నా చొక్కా జేబులో అలాంటివి గుప్పెడున్నాయి, అయినా నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను. ఇవ్వబుద్ధి కాలేదు.

"ఇచ్చెయ్ ఆర్లెన్," అంది వదిన. "ఇంకో కొట్టం కాలకూడదు."

ఇచ్చాను. వాడు బిగిస్తున్నంతసేపూ వదిన వాడి పక్కనే కాపలాగా నిలబడింది.

సాయంత్రం విచారణలో కంపెనీ మాట మార్చింది. "సాంకేతికంగా ఒక చిన్న సర్దుబాటు జరిగింది" అని రాసి, వదిన ఉద్యోగం వదినకి ఇచ్చేస్తే సరిపోతుందని బోలండ్ పైవాడెవడో ఫోన్లో చెప్పాడట. కౌంటీ పెద్దలు తలలూపారు. వదిన లేచింది.

"సర్దుబాటా? నేను నిద్రపోయానని రాసినప్పుడు ఇంత మెత్తటి మాటలు దొరకలేదే మీకు! స్క్రూ మరిచాం అని రాయండి. చూడకుండా ఆవిడ మీద తోసేశాం అని రాయండి. అది రాసేదాకా నేను ఆ కుర్చీలో కూర్చోను. ఇంకెవరు కూర్చుంటారో చూస్తాను."

ఎవరూ కూర్చోరని అందరికీ తెలుసు. రాశారు. షెరీఫ్ అందరి ముందూ ఎల్మర్ ఇంటికి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎల్మర్ అంతా విన్నాడట. తరవాత, వదినని ఓసారి ఇంటికి రమ్మన్నాడట.

పేపరువాడు కూడా సవరణ వేశాడు, మంచులో నడిచే బండ్ల టైర్ల ప్రకటన కింద, భూతద్దం పెట్టుకుని చదవాల్సినంత చిన్న అక్షరాల్లో. ఈసారి ప్రశ్నార్థకం లేదు.

ఆ ఆదివారం చర్చికి వెళ్ళడానికి వదిన నా బండెక్కితే, ఒడిలో పళ్ళెం లేదు.

"బిళ్ళలేవి వదినా?"

"చెయ్యలేదు," అంది సీటుబెల్టు లాక్కుంటూ. "ఇవాళ వాళ్ళు తెస్తారు. నేను ముట్టుకోవాలో వద్దో అక్కడికి వెళ్ళాక ఆలోచిస్తా. బండి పోనీ!"