జమ్లీ తొక్కిన చక్రం

కోడలి సైకిల్ వెనక చక్రాన్ని బర్రె తొక్కిందని జమ్లీ తండా అంతా చెప్పుకొచ్చింది. ఆ బర్రె జమ్లీయే.

గురువారం పొద్దున నీలా స్నానానికి వెళ్లిన సందు చూసుకుని సైకిల్‌ని నేల మీద పడుకోబెట్టింది. ఎడమ కాలితో చక్రం మీద ఒకసారి, కసి తీరక ఇంకోసారి తొక్కింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులని పొద్దస్తమానం మూలిగే మనిషి. ఆ రెండు తొక్కుళ్లప్పుడు నొప్పులన్నీ ఎక్కడికి పోయాయో మరి! చక్రం వేయించిన అప్పడంలా మెలితిరిగింది.

కసి ఊరికే పుట్టలేదు. కోదాడ దగ్గరి చిలుకూరు చుట్టుపక్కల తండాల్లో నలభై ఏళ్లపాటు కాన్పులన్నీ జమ్లీ చేతుల మీదే అయ్యాయి. బండి కట్టి మనిషిని పంపేవాళ్లు. పిలుపు తెచ్చిన మనిషి ముందు, మంత్రసాని వెనక. పిలుపు లేకుండా కాన్పు ఇంటి గడప తొక్కకూడదు, అదీ పద్ధతి. ఆ పద్ధతిలోనే ఆమె గర్వమంతా ఉండేది.

తొంభై నాలుగులో నర్సు చదువు చదివిన నీలా ఆ ఇంటి కోడలైంది. జీతం డబ్బులతో సూర్యాపేటలో లావు టైర్ల సైకిల్ కొనుక్కుంది, కొండలూ గుట్టలూ ఎక్కుతుందని షాపువాడు చెప్పిన రకం. కాలువ కట్టలైనా రాళ్ల బాటలైనా ఆగేది కాదు. జమ్లీ బండెక్కేలోపల నీలా కాన్పు చేసి తిరిగొచ్చేది. ఇక బండ్లు కట్టడం ఎందుకని జనం మానేశారు. లారీ నడిపే కొడుకు సేవ్యా నెలకోసారి ఇంటికొస్తే, జమ్లీ వాడి చెవిలో పోసేదంతా ఆ సైకిల్ మీద చాడీలే.

ఇప్పుడు ధర్మా కోడలికి నెలలు నిండాయి. ధర్మా రెండు కోసుల అవతలి తండాకి నాయకుడు. అతని బొడ్డు కోసింది జమ్లీయే, అతని పిల్లల బొడ్లు కోసిందీ జమ్లీయే. అలాంటి ఇంటి మనిషి మంగళవారం వచ్చి, అరుగు మీదున్న ఆమెకు తలూపి, లోపలికి పోయి నీలాతో మాట్లాడి వెళ్లిపోయాడు. మర్నాడు నీలా సైకిల్‌కి కొత్త క్యారియర్ బిగించుకొచ్చింది. దాని మీద మెత్తగా బొంత ముక్క కూడా కట్టింది. మందు సీసాలు పగలకుండా కాబోలు అనుకుంది జమ్లీ. తన చేతులకన్నా ఆ సీసాలకే విలువ ఎక్కువైపోయింది!

అందుకే తొక్కింది.

నీలా వంకర చక్రాన్ని చూసి అరవలేదు. తల తుడుచుకుంటూ, "జీపు మీదికి ఎక్కియ్యాలె. ఒక చెయ్యి వెయ్యి యాడీ, కోదాడకు పోదాం" అంది. అమ్మా అన్నట్టే ఆ మాట. బర్రె కథ నమ్మిందనుకుని జమ్లీ లోలోపల నవ్వుకుంది.

కోదాడ బస్టాండు వెనక రేకుల షెడ్డులో యేసయ్య సైకిళ్లు బాగుచేస్తాడు. చక్రం ఊడదీసి, టైరు తీసి, రిమ్మును కళ్ల ముందు పెట్టుకుని తిప్పి చూశాడు.

"ఎట్లయింది నర్సమ్మా?"

"బర్రె తొక్కిందంట. మా అత్త చెప్పింది."

తెలుగులో అంది. ఇంట్లో ఎంత తిట్టుకున్నా ఇద్దరూ లంబాడీలోనే తిట్టుకుంటారు. ఇక్కడ యేసయ్యకు వినబడేలా తెలుగులో అనడం, పైగా యాడీ కాస్తా అత్త కావడం జమ్లీకి చురుక్కుమంది.

"బర్రె తొక్కితే చక్రం పుల్లలన్నీ తెగిపోతయ్" అన్నాడు యేసయ్య. "గుంతల పడితే రిమ్ము లోపలికి సొట్టపోతది. ఇది రెండూ కాదు. పండవెట్టి పైనుంచి తొక్కిండ్రు. మనిషి కాలే. గీడ సూడు, గీత. కడియం గీసుకున్నట్టున్నది."

జమ్లీ ఎడమ కాలి కంచు కడియం లంగా కుచ్చెళ్లలోకి దూరిపోయింది.

"నువ్వు సైకిళ్లు బాగుచేస్తవా, పోలీసోని లెక్క ఆరా తీస్తవా?" అని కసిరింది.

యేసయ్య మాట మార్చాడు. "రెండు దార్లున్నయ్ నర్సమ్మా. కొత్త రిమ్ము వేస్తే ఇద్దరు కూసున్నా బేఫికర్. కానీ గీ సైజు కోదాడల లేదు, మొన్న ఇంకొకరి కోసం మిర్యాలగూడల గూడ అడిగిన, లేదన్నరు. సూర్యాపేట సేటు హైదరాబాదు నుంచి తెప్పియ్యాలె. పది దినాలు పడతది. లేదంటే దీన్నే తొక్కి సాపు చేసి బిగిస్త. గంటల అయిపోతది. కానీ ఒక్క మనిషినే మోస్తది. ఎనక ఇంకొకరు ఎక్కిండ్రంటే మళ్ల మెలిపడతది, అప్పుడు నేనేం చెయ్యలేను."

"కొత్తదే వెయ్యి!" అంది జమ్లీ. అని ఊరుకోలేదు, కొంగు ముడి విప్పి నలిగిన నోట్లు తీసింది. "పైసలు నేనిస్త."

అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు వాడుకునే మనిషి ఆమె. కన్నకొడుకు జ్వరంతో పడుంటే బత్తాయిలకు బేరమాడి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మనిషి. ఆ చేతిలో నోట్లు చూసి నీలా ముఖం గట్టిపడింది.

"చినిగిన రవికెకు అతుకు మీద అతుకేస్తవ్. నా సైకిల్‌కు కొత్త చక్రం కొనిస్తవా?"

"నువ్వు కింద పడితే నా కొడుకు పరేషాన్ అయితడని."

"పది దినాలు నేను ఇంట్ల కూసుంటే ధర్మా ఇంటికి ఎవరు పోతరు?"

ఆ పేరు వినగానే జమ్లీకి ఒళ్లు మండిపోయింది. "నేను పోత! నలభై ఏండ్లు పోలేదా? నువ్వు సూది పట్టకముందు పిల్లలు పుట్టలేదా? నా పని గుంజుకున్నవ్. నా ఇంటి ముంగట బండి ఆగక ఏడాదిన్నర అయింది!"

"అందుకని తొక్కినవా?"

"తొక్కిన! ఏం చేస్తవ్?"

అనేశాక గానీ నోరు జారిందని తెలియలేదు. పక్క దుకాణం వాళ్లు తొంగిచూస్తున్నారు. నీలా అత్తను పైనుంచి కిందిదాకా చూసి యేసయ్య వైపు తిరిగింది.

"దీన్నే బాగుచెయ్యి అన్నా."

"ఒక్క మనిషినే మోస్తదమ్మా, మళ్ల..."

"ఒక్కదాన్నే పోత."

యేసయ్య ఏదో అడగబోయి మానుకున్నాడు. పుల్లలు వదులు చేసి, రెండు ఇటుకల మీద చక్రాన్ని ఉబ్బిన వైపు పైకొచ్చేలా పెట్టి కాలెత్తాడు.

"నువ్వొద్దు" అంది నీలా. "మా అత్త తొక్కుతది. ఆమె కాలికి అలవాటే."

జమ్లీ వెనకాడలేదు. వెనకాడితే ఓడినట్టే అనుకుంది. లంగా ఎత్తిపట్టి, కోడలి కళ్లలోకి చూస్తూ, పళ్లు బిగించి తొక్కింది. రిమ్ము టంగుమని మోగి దారికొచ్చింది. చిన్న పానాతో పుల్లలు ఒక్కొక్కటే బిగించి యేసయ్య చక్రం తిప్పాడు. కొద్దిగా వంకర మిగిలినా చక్రం తిరుగుతోంది.

సైకిల్ సిద్ధమయ్యాక నీలా అంది, "ఇగ ఆ క్యారియర్ ఇప్పెయ్యి."

యేసయ్య ఆగలేకపోయాడు. "నిన్ననే గదమ్మా బిగించిన. మా అత్తకు మోకాళ్లు నొప్పులు, మెల్లగ కూసోవెట్టుకోని తీసుకపోవాలె, గట్టిగ బిగించు అంటివి. బొంత ముక్క గూడ నువ్వే కడితివి."

జమ్లీ చూపు క్యారియర్ మీదికి పోయింది.

"ధర్మా కోడలికి తొలుసూరు" అంది నీలా, ఎవరి ముఖమూ చూడకుండా. "భయపడుతున్నది. నర్సు పని నువ్వే చెయ్యి, కానీ తలకాడ జమ్లీ యాడి ఉండాలె, నా చెయ్యి ఆమె పట్టుకోవాలె అన్నదట. మా ఎడ్లకు గాళ్లొచ్చి కాళ్లు పుండ్లయినయ్, బండి పంపలేం, నువ్వే తోలుకరా అని చెప్పి పోయిండు ఆ మనిషి. పిలుపు నా చేతిల వెట్టిండు. ఆ పిల్లకు నొప్పులొచ్చిన్నాడు నీ ముంగట నిలవడి పిలుద్దామనుకున్న."

జమ్లీ చేతిలో నోట్లు అలాగే ఉన్నాయి. వాటిని యేసయ్య ముందుకు చాపింది. "కొత్తదే వెయ్యి" అంది. "నీలా, కొత్తదే వేయించు బిడ్డా."

"ఇందాక గూడ గిదే మాటన్నవ్."

"అది వేరు."

"పది దినాలు ఆ పిల్ల ఆగది అత్తా."

ఊడదీసిన క్యారియర్‌ని జమ్లీ చేతుల్లో పెట్టి నీలా సైకిల్ ఎక్కింది. తిరిగి చూడలేదు. చక్రం కొంచెం అటూ ఇటూ ఊగుతూనే రోడ్డెక్కి లారీల మధ్య కనబడకుండా పోయింది.

జమ్లీ జీపు వెనక సీట్లో క్యారియర్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బొంత ముక్క తన పాతదే, చలికాలంలో తాను కప్పుకునేదే. ఏడుపు వస్తోంది, దాంతోపాటు కోపమూ వస్తోంది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. చిలుకూరులో దిగేసరికి రెండు మోకాళ్లూ సలుపుతున్నాయి.

ధర్మా కోడలికి శనివారం మగపిల్లవాడు పుట్టాడు. నీలా ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, అన్నం వండింది గానీ పెదవి విప్పలేదు. జమ్లీ కూడా అడగలేదు. పిల్లవాడు పుట్టిన సంగతి ఆమెకు సోమవారం నాడు, బాట వెంట పోయే గొర్రెలకాపరి చెబితే తెలిసింది.